‘ఇక చేసేదేమీ లేదు’ అనకండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, మన బడిలోనే చదివి న్యూరాలజిస్టు అయిన ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)



సంఘం వాళ్ళు ఫోన్ చేసి, “నరాల డాక్టరువు కదా, పెద్ద వయసులో వచ్చే మెదడు జబ్బుల గురించి పదిహేను నిమిషాలు చెప్పు” అన్నారు. మా బ్యాచి వాళ్ళకు ఇప్పుడు అరవై దాటుతున్నాయి. మా సార్లు ఎనభైల్లో ఉన్నారు. కాబట్టి ఇది మన ఇంటి ముచ్చటే. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని దాచకుండా చెబుతాను.

మెదడులోని కణాలు ఏళ్ల తరబడి మెల్లమెల్లగా క్షీణించి చనిపోవడం వల్ల వచ్చే జబ్బులు కొన్ని ఉన్నాయి. జ్ఞాపకానికి సంబంధించిన భాగంలో మొదలైతే అల్జీమర్స్. కదలికలను నడిపే డోపమైన్ తయారుచేసే కణాలు పోతే పార్కిన్సన్స్. కండరాలకు ఆజ్ఞలు పంపే కణాలు పోతే మోటార్ న్యూరాన్ జబ్బు. లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ వణుకుడు జబ్బును వివరిస్తూ పుస్తకం రాసింది 1817లో. జర్మనీలో అలోయిస్ అల్జీమర్ తన రోగి సంగతి తోటి డాక్టర్ల ముందు పెట్టింది 1906లో. ఇన్నేళ్లయినా, పోయిన కణాలను తిరిగి తెచ్చే మందు మన చేతికి రాలేదు.

పార్కిన్సన్స్‌కు లెవోడోపా అనే మంచి మందు ఉంది. దాని కథ మన కంచెల దాకా వస్తుంది. ఒంటికి తగిలితే దురదతో చంపే దూలగొండి మీకు తెలుసు కదా. దాని గింజల్లోంచి ఆ పదార్థాన్ని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు వేరుచేశారు. అట్లని గింజలు దంచుకుని తినకండి, మోతాదు అందదు. లెవోడోపా అయినా లక్షణాలను తగ్గిస్తుందే తప్ప జబ్బును ఆపదు.

మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. మనం వాళ్ళలో చాలామందిని “చాదస్తం, వయసు మీద పడింది” అని వదిలేస్తున్నాం.

ఇక్కడ మన నారాయణఖేడ్ వాళ్ళకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. మన చిన్నప్పటి అంగడి గుర్తుచేసుకోండి. ఒక దిక్కు కర్ణాటక, ఒక దిక్కు మహారాష్ట్ర. జొన్నలు అమ్మే పెద్దమ్మ ఒకరితో కన్నడంలో బేరమాడి, పైసలు తెలుగులో లెక్కబెట్టి, బస్సు కండక్టరుతో ఉర్దూలో కొట్లాడేది. తండా పిల్లలు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు మాట్లాడేవాళ్ళు. దాన్ని మనం ఎన్నడూ చదువు కింద జమ కట్టలేదు.

అప్పట్లో హైదరాబాదు నిమ్స్‌లో న్యూరాలజిస్టుగా ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె బృందం జమ కట్టారు. అక్కడి మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. వాళ్ళలో 391 మంది రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళు. ఒకే భాష వచ్చినవాళ్ళ కంటే వీళ్ళలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరం ముక్క రానివాళ్ళలోనూ ఈ తేడా కనిపించింది. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో అచ్చయిన ఈ పరిశోధనను ప్రపంచమంతా చర్చించింది. రెండు భాషలు వస్తే జబ్బే రాదని దీనర్థం కాదు. వచ్చేవాళ్ళలో ఆలస్యమైందని మాత్రమే. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం కూడా కనబడలేదు. అయినా నాలుగున్నర ఏళ్లంటే చిన్న మాట కాదు. మనవడి పేరు గుర్తుండే నాలుగున్నర ఏళ్లు అవి.

ఆ పరిశోధన జబ్బు మొదలయ్యే వయసు గురించి చెప్పింది. మొదలయ్యాక, మందులు కూడా పనిచేయని దశ వచ్చాక ఏం చేయాలి? ఆ పాఠం నాకు మన బడి సారే చెప్పారు.

ఆయన పేరు చెప్పను. అమ్మ అనుమతి తీసుకునే ఈ మాట ఎత్తుతున్నాను. సారుకు పార్కిన్సన్స్ వచ్చింది. తొమ్మిదేళ్లు నేనే చూశాను. మొదట్లో మందు బాగా పనిచేసింది. తర్వాత పడిపోవడం, మతిమరుపు, మింగలేకపోవడం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒకరోజు పరీక్ష చేసి, “అమ్మా, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొండి” అన్నాను. బయట ఇంకా నలభై మంది రోగులున్నారు. అమ్మ ఏమీ అనలేదు. సారు చేయి పట్టుకుని లేపింది.

మూడు నెలలకు ఒక పెళ్ళికి ఊరికొచ్చి సారు ఇంటికి పోయాను. నడుము కింద అరచేయంత పుండు. నీళ్ళు తాగిస్తే పొలమారుతోంది. పక్కకు తిప్పితే మూలుగుతున్నారు. అమ్మ కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళైందో ఆమెకే తెలియదు. నన్ను చూసి కోపం చేయలేదు. “ఏం లేదంటివి బిడ్డా. నాకైతే పొద్దుగాల లేస్తే అంతా పనే ఉంటది” అన్నది.

నా చదువంతా ఆ ఒక్క మాట ముందు చిన్నదైపోయింది. నాకు తెలిసిన పాలియేటివ్ నర్సును బతిమాలి మరునాడే పిలిపించాను. ఆమె చేసినవి చూడండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం నేర్పింది. పుండుకు కట్టు మార్చే అరగంట ముందే నొప్పి మాత్ర ఇమ్మంది. పలచటి నీళ్ళ బదులు చిక్కటి జావ, కూర్చోబెట్టి, గదువ కిందికి దించి, చిన్న చెంచాతో పట్టించమంది. రాత్రి కాపలాకు కూతురికి, పక్కింటి ఆమెకు వంతులు వేసింది. చివరికి అమ్మను కూర్చోబెట్టి, “ఊపిరి కష్టమైతే ఐసీయూకు తీసుకుపోదామా, ఇంట్లోనే ఉంచుకుందామా? సారు మాట్లాడగలిగిన రోజుల్లో ఏమనేవారు?” అని అడిగింది. తొమ్మిదేళ్లలో నేను అడగని ప్రశ్న అది.

పుండు మానింది. సారు ఇంకో ఏడు నెలలు ఉన్నారు. ఒకసారి నేను పన్నెండో ఎక్కం మొదలుపెడితే, మధ్యలో ఆయన పెదాలు కూడా కదిలాయి. తన మంచం మీద, అమ్మ పక్కనుండగానే పోయారు.

ఈ పనికే పాలియేటివ్ కేర్ అని పేరు. మన మాటల్లో ఉపశమన చికిత్స. జబ్బు నయమవుతుందా లేదా అన్నదాంతో పని లేకుండా నొప్పిని, ఆయాసాన్ని, భయాన్ని తగ్గించడం, చూసుకునేవాళ్ళను కూడా చూసుకోవడం. చాలామంది ఇది క్యాన్సరు చివరి రోజులకే అనుకుంటారు. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదటి నుంచీ మోటార్ న్యూరాన్ జబ్బు వాళ్ళను కూడా చేర్చుకుంది. అమెరికాలో బెంజీ క్లూగర్ అనే న్యూరాలజిస్టు పార్కిన్సన్స్, దాని వంటి జబ్బులున్న 210 మందితో అధ్యయనం చేశారు. కొందరికి మామూలు వైద్యం మాత్రమే, కొందరికి దానితో పాటు పాలియేటివ్ కేర్ ఇచ్చారు. ఆరు నెలలకు రెండో గుంపువాళ్ళ జీవితం మెరుగ్గా ఉంది. ఏడాదికి వాళ్ళను చూసుకునేవాళ్ళ భారం కూడా తగ్గింది. ఆ ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. సారు వాళ్ళ అమ్మ చెప్పింది అంకెల్లో అదే.

మనకు ఇది అందని పండేమీ కాదు. కేరళలో 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో చిన్నగా మొదలై, ఊరూరా మామూలు మనుషులే శిక్షణ తీసుకుని మంచంపట్టిన వాళ్ళ ఇళ్లకు వెళ్ళే ఉద్యమమైంది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దానికొక విధానమే ప్రకటించింది. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఈ సేవకు దారి వేసింది. తర్వాత తెలంగాణ జిల్లాల్లోనూ పాలియేటివ్ కేంద్రాలు, ఇళ్లకు వెళ్ళే ‘ఆలన’ వాహనాలు వచ్చాయి.

ఇంటికి పోయాక గుర్తుంచుకోవలసినవి నాలుగు చెబుతాను. ఒకటి, పార్కిన్సన్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపకండి. ఏ ఆసుపత్రికి పోయినా ముందు ఆ జబ్బు సంగతి చెప్పండి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కలవరింతలకిచ్చే హాలోపెరిడాల్ దాన్ని పెంచుతాయి. రెండు, మతిమరుపు అంటే పరీక్ష చేయించండి. థైరాయిడ్, బి12 లోపం, డిప్రెషన్ వల్ల వచ్చే మరుపు చికిత్సతో తగ్గవచ్చు. మూడు, పెద్దవాళ్ళు మాట్లాడగలిగినప్పుడే వాళ్ళకేం కావాలో అడగండి. తన వైద్యం గురించి ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. నాలుగు, చూసుకునే మనిషికి వారంలో ఒక పూట సెలవు ఇవ్వండి. మన ఇళ్లలో ఆ మనిషి ఎక్కువగా ఆడమనిషే, ఆమెకు నడుము నొప్పి ఉన్నా ఎవరూ అడగరు. పెద్దలకు సంబంధించి ఏ సలహా కావాలన్నా 14567కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

చివరగా సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ గుర్తుగా ఆర్చీ కడదామని కొందరు అంటున్నారు. కట్టండి, నా చందా కూడా ఇస్తాను. దానితో పాటు ఒక గది ఇవ్వండి. అందులో తలవైపు లేపగలిగే మంచాలు నాలుగు, గాలి పరుపులు, చక్రాల కుర్చీలు, వాకర్లు పెడదాం. అవసరమైన ఇంటికి ఇచ్చి, పని తీరాక తెచ్చుకుందాం. ఊళ్ళో ఉన్నవాళ్ళు పది మంది శిక్షణ తీసుకోండి. వారానికి ఒక ఇంటికి ఇద్దరు చొప్పున పోండి. శిక్షణ ఏర్పాటు నా బాధ్యత. నెలకు ఒక ఆదివారం నేను వస్తాను. ఇది సభలో అన్న మాట, మినిట్స్‌లో రాసుకోండి.

మనం లెక్క తప్పు చేస్తే సారు పలక తుడిచి మళ్ళీ చేయమనేవారు. నేను ఆ రోజు చేసిన తప్పును దిద్దుకోవడానికి నాకు ఏడు నెలలు దొరికాయి. చాలా ఇళ్లలో అంత సమయం దొరకదు. అందుకే అడుగుతున్నాను.