పాట వెనుక పాటు



సంగీతమనగానే మనకు సభ, దీపములు, పూలమాలలు జ్ఞప్తికి వచ్చును. నేడు నేను ముచ్చటింపదలచినది వాని సంగతి కాదు. పాడియు, వాయించియు కుటుంబమును పోషించుకొనువారి సంగతి. ముప్పది సంవత్సరములకు పైగా బడిపిల్లలకు వడ్డిలెక్కలు నేర్పిన నేను, ఒక బాకీ లెక్కలో తప్పితిని. దానిని మీ యెదుట ఒప్పుకొనుటకే ఈ ప్రసంగము.

నా శిష్యుడొకడు చిన్ననాడే మృదంగము చేపట్టెను. సాధన ముగించి 1995 ప్రాంతమున మదరాసు చేరెను. సినిమా పాటల రికార్డింగులలో ఆతడు పూటకు ఇంతయని కూలికి వాయించెడివాడు. ఆ పాట ఊరూర పెండ్లిపందిళ్లలో మ్రోగినను, ఆతనికి రెండవమారు కాసు రాలలేదు. క్యాసెట్టు అట్టమీద పేరును లేదు. పూర్వము వాద్యగాండ్రందఱు ఒక్కచోట కూడి వాయించెడివారు. ఒక్కడు తప్పినచో అందఱును మొదటినుండి వాయింపవలసినదే. తరువాత ఎవరిపాలు వారు విడివిడిగా వాయించినను కలుపగల యంత్రములు వచ్చెను. పిదప పలు వాద్యముల పని ఒక్క కీబోర్డే చేయసాగెను. మావానికి పిలుపులు సన్నగిల్లెను. ఆతడు స్వగ్రామమునకు మరలివచ్చి, కచేరీలకును హరికథలకును వాయించుచు, నలుగురు పిల్లలకు పాఠము చెప్పుకొనుచున్నాడు.

ఈ వృత్తిలో రాబడికి నిలుకడ లేదు. పెండ్లి మేళము వారికి ఆదాయము పంచాంగమును చూచి వచ్చును. శూన్యమాసమని ముహూర్తములు ఆగును గాని ఆకలి ఆగదు. 2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌను విధింపబడినప్పుడు, ఆ వేసవి ముహూర్తములును, ఉత్సవములును తుడిచిపెట్టుకొనిపోయెను. ఖర్చు మాత్రము తప్పదు. మృదంగపు తోలుమూతలు వాయించిన కొలది అరుగును. వానిని మరల వేయించుకొనవలెను. ఆ సొమ్ము వాయించువానిదే.

ఇక నా తప్పు. కొన్నేండ్ల క్రిందట మా ఊరి శ్రీరామనవమి ఉత్సవమునకు ఆతనిని పిలిపించితిని. పందిరి లెక్కలు నా చేతిలో నుండెను. అర్ధరాత్రివరకు వాయించెను. శాలువ కప్పితిమి, తాంబూలమిచ్చితిమి, నేను పది నిమిషములు పొగడితిని. ఒప్పుకొన్న పైకములో సగమిచ్చి, “చందాలు వసూలైన పిదప మిగిలినది పంపెదము” అంటిని. తెల్లవాఱి బస్సుల నిలుపుచోటికి పోగా, ఆతడు మృదంగమును ఒడిలో నుంచుకొని కునుకుచుండెను. ఇచ్చిన సగమును తనతో వచ్చిన వయొలిను వాద్యగానికి ఇచ్చి పంపివేసినాడట. ఏల ఇంకను పోలేదని అడుగగా నవ్వి, “మాస్టరుగారూ! శాలువ చూపినచో బస్సులో టిక్కెట్టు ఇయ్యరు గదా!” అనెను.

నా తల వంగిపోయెను. ఇంటికి పోయి మిగిలిన పైకము తెచ్చి ఆతని చేత నుంచితిని. అది దానము కాదు. ఆలస్యముగ తీర్చిన ఋణము.

కళాకారుడు డబ్బు అడుగుట మనకు చిన్నతనముగ తోచును. త్యాగరాజస్వామి రాజసన్మానమును కాదని ఉంఛవృత్తితో జీవించెనని ఉదాహరింతుము. ఆయన విడిచినది తన పాలు. మనము విడిపించుచున్నది పరుల పాలు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు విజయనగరమున సంగీతము నేర్చుకొనునాడు మధుకరమెత్తి కడుపు నింపుకొనిరి. మనమందఱము ఆ పాటను వింటిమి గాని, ఆ జోలెను తలపము.

చట్టము వీరిని పూర్తిగ మఱవలేదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో జరిగిన సవరణ పాడువారికి, వాయించువారికి ప్రత్యేకమగు హక్కును కల్పించెను. 2012 సవరణ, సినిమా పాట వ్రాసినవారును బాణీ కట్టినవారును తమ రాయల్టీని నిర్మాతకు వదలుకొనుటకు వీలులేకుండ చేసెను. పాడువారికి, వాయించువారికి సైతము వ్యాపార వినియోగమున రాయల్టీ కలదనెను. కాని హక్కు కలదని ఎఱుగక, కాగితము చదువక సంతకము చేయువాడు దానిని అడిగి తెచ్చుకొనుట ఎట్లు?

కావున పెద్దలారా, మీ చేతిలోనున్న పని చిన్నదే. మేళమును గాని, భజన బృందమును గాని పిలుచునప్పుడు పైకమెంతయో ముందే చీటీపై వ్రాయుడు. దారిబత్తెము ముందుగ పంపుడు. వేళకు భోజనము పెట్టుడు. సొమ్ము మొదట, శాలువ పిదప ఇండు. మీ మనుమడు సంగీతము నేర్తునన్నచో వలదనకుడు; శ్రుతిలయలతోపాటు ఒప్పందపత్రమును చదువుట గూడ నేర్పింపుడు.

మా ఊరి పందిరిలో ఇప్పుడు కచేరీ ముగియకమునుపే వాద్యగాండ్ర పైకము కవరులలో సిద్ధముగ నుండును. నా శిష్యుడు ప్రతిసంవత్సరము వచ్చుచున్నాడు. మంగళము పాడునప్పుడు ఆతని మృదంగమును నేనిప్పుడు తలయెత్తుకొని వినగలుగుచున్నాను. సెలవు.