‘కడుపు నొప్పితో పోయాడు’ అన్న మాట వెనుక

(పామిడిలో చేసిన ప్రసంగ పాఠం)



‘కడుపు నొప్పితో పోయాడు’ అన్న మాట మన వీధుల్లో తరచుగా వింటాం. ఆ నొప్పి పుండువల్ల వచ్చిందా, కాలేయంవల్లనా, క్యాన్సర్‌వల్లనా అన్న ప్రశ్న జనాజా లేచేలోపే మరుగున పడిపోతుంది.

ఆ ప్రశ్నను ఇంటింటికీ వెళ్లి అడిగిన అధ్యయనం మన దేశంలో ఒకటి జరిగింది. దాని పేరు మిలియన్ డెత్ స్టడీ. 2001 నుంచి 2003 వరకు సంభవించిన మరణాల గురించి, పదకొండు లక్షల ఇళ్లను పరిధిలోకి తీసుకుని, శిక్షణ పొందిన సిబ్బంది కుటుంబీకులను విచారించారు. పోయిన మనిషి చివరి రోజుల్లో ఏ బాధలు పడ్డాడో రాసుకున్నారు. ఆ రాతను ఇద్దరు వైద్యులు విడివిడిగా చదివి కారణం నిర్ణయించారు. క్యాన్సర్ ఫలితాలు 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. పత్రిక పేరు పెద్దదే గాని, దానికి ఆధారం మన తల్లుల వంటివారు గడపలో కూర్చుని చెప్పిన మాటలే.

ఏమి తేలింది? 30 నుంచి 69 ఏళ్ల మధ్య క్యాన్సర్‌తో మరణించిన పురుషుల్లో 12.6 శాతం, స్త్రీలలో 14.1 శాతం జీర్ణాశయ క్యాన్సర్‌కు బలైనవారే. ఇద్దరిలోనూ అది రెండో స్థానంలో ఉంది. మొత్తం క్యాన్సర్ మరణాలను చూస్తే పల్లెకూ పట్నానికీ పెద్ద తేడా లేదు. తేడా చదువు దగ్గర కనిపించింది. నిరక్షరాస్య పురుషుల్లో లక్షకు 106.6 మరణాలైతే, బాగా చదివినవారిలో 45.7 మాత్రమే. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశ అక్షరాస్యత 65.1 శాతం ఉండగా ముస్లింలది 59.1 శాతం. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడవలసింది మనమే. అదే అధ్యయనంలో ముస్లిం స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు చాలా తక్కువని కూడా తేలింది. లెక్క తీస్తే మేలూ కీడూ రెండూ బయటపడతాయి.

ఈ జబ్బు వెనుక హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1994లో ప్రకటించింది. ఇరుకు ఇళ్లలో, చిన్నతనంలోనే అది సోకుతుంది. సోకినవారందరికీ క్యాన్సర్ రాదు. అతి ఉప్పు, పొగాకు ముప్పును పెంచుతాయి. నెలల తరబడి గ్యాస్ మాత్రలతో నెట్టుకురావడం మాత్రం ప్రమాదకరం. ఒళ్లు చిక్కిపోతున్నా, ముద్ద దిగకపోయినా, మలం నల్లగా వచ్చినా ఎండోస్కోపీ చేయించమని అడగాలి.

ఇక హక్కు మాట. చివరి జబ్బుకు చికిత్స చేసిన వైద్యుడు మరణ కారణ ధ్రువపత్రాన్ని రుసుము లేకుండా ఇవ్వాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. 2023 సవరణ తరువాత దాని ప్రతి దగ్గరి బంధువుకు కూడా అందాలి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. దుఃఖంలో, ఖననం తొందరలో, ఆ కాగితం అడగడం మనం మరచిపోతున్నాం. ఖబరస్తాన్ కమిటీల పెద్దలకు మా విన్నపం ఒక్కటే: మీ పుస్తకంలో పేరు, తేదీ పక్కన ‘కారణం’ అని ఇంకొక గడి గీయండి. కాగితం తెచ్చినవారిది చూసి రాయండి. తేనివారి ఇంటికి మూడో రోజు తరువాత ఒకరిని పంపించండి.