పని కొరకు నిలిచియున్న మన బిడ్డలు

(శతవత్సరోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగలో పెద్దలు మన గుడులను గూర్చి, బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి చక్కగా చెప్పారు. మేము మన గుడిలో వెనుక వరుసలో కూర్చుండే యౌవనస్థులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచాము.

ద్రాక్షతోట పనివారి ఉపమానము మనకందరికీ తెలిసినదే. యజమానుడు ప్రొద్దు వాలే వేళ సంతవీధికి వెళ్తే అక్కడ ఇంకా కొందరు నిలిచియున్నారు. ఎందుకిలా ఊరకున్నారని అడిగితే, తమ్మును ఎవరూ కూలికి పిలువలేదన్నారు. ఈ భాగము మీద మేము చాలసార్లు ప్రసంగించాము. ప్రతిసారి దేనారమును గూర్చి, దేవుని కృపను గూర్చి చెప్పాము. ఆ మనుష్యులు సాయంకాలము దాక ఇంటికి పోకుండ ఎందుకు నిలిచియున్నారో మేము ఆలోచించలేదు. సోమరివాడు అంత ప్రొద్దు వరకు సంతలో నిలువడు. పని కావలెనను ఆశ ఉన్నవాడే నిలుస్తాడు.

మన ఊళ్లలో పది చదివి, ఇంటరు తప్పి, వ్యవసాయములో ఏడాదికి కొద్ది నెలల పని మాత్రమే దొరికి, మిగిలిన దినములు రచ్చబండ దగ్గర కూర్చుండేవారు ఎందరో ఉన్నారు. వీరి కొరకు ప్రభుత్వము ఏమీ చేయలేదనుట న్యాయము కాదు. 1979 ఆగస్టు 15న ట్రైసెం అను పథకము వచ్చినది. 18 మొదలు 35 సంవత్సరముల గ్రామీణ యువతకు చేతి పనులు నేర్పి, స్వంతముగా బ్రతికే దారి చూపవలెనని దాని ఉద్దేశము. 1999లో దానిని మరొక పథకములో కలిపివేశారు. నేర్చినవారందరికీ పని దొరకలేదు. కుట్టుపని నేర్చిన వానికి మిషను లేకపోతే ఆ నేర్పు ఎందుకు? అందుచేత 2005లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము ఉపాధి కల్పన, మార్కెటింగు మిషను అను సంస్థను పెట్టి, శిక్షణతో పాటు ఉద్యోగము కూడ చూపే పద్ధతిని తెచ్చినది. 2014 సెప్టెంబరు 25న కేంద్ర ప్రభుత్వము దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనను ప్రారంభించినది.

ఈ పథకమును గూర్చి మన సభ్యులు తెలుసుకొనవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. ఇది పేద గ్రామీణ కుటుంబముల పిల్లల కొరకు పెట్టినది. మొదటి నియమముల ప్రకారము వయస్సు 15 మొదలు 35 వరకు. స్త్రీలకు 45 వరకు. శిక్షణ తక్కువ పక్షము 576 గంటలు, అనగా సుమారు మూడు నెలలు. శిక్షణ ఉచితము, హాస్టలు ఉన్న కేంద్రములలో బసయు భోజనమును ఉచితమే. ఎవరైన మధ్యవర్తి సీటు ఇప్పిస్తానని డబ్బు అడిగితే ఇయ్యకూడదు. ఉద్యోగములో మూడు నెలలు నిలిచి జీతము తీసుకొన్నప్పుడే దానిని ఉద్యోగము దొరికినట్లుగా లెక్కిస్తారు.

మరియొక మాట. క్రైస్తవులమని చెబితే సీటు రాదని మనలో కొందరికి భయమున్నది. ఆ నియమములలో సగము స్థానములు షెడ్యూల్డు కులములకు, తెగలకు కేటాయించగా, నూటికి 15 అల్పసంఖ్యాక వర్గములకు ఇచ్చారు. క్రైస్తవులు ఆ వర్గములలోనివారే. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు మన రాష్ట్రములలో బి.సి. - సి వర్గముగా కూడ ఉన్నారు. కాబట్టి మన బిడ్డలు విశ్వాసమును దాచుకోకుండ, నిజము చెప్పియే చేరవచ్చును. నియమములు మారుతుంటవి గనుక నేటి సంగతులు మండల మహిళా సమాఖ్య కార్యాలయములో అడిగి తెలుసుకొనండి.

ఇంత ఉన్నా మన బిడ్డలు ఎందుకు నిలువలేకున్నారు? దీనికి జవాబుగా మా తప్పిదమొకటి మీ ముందు ఒప్పుకొంటాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పరిచర్య చేసిన ఒక గ్రామ సంఘములో ఇంటరు తప్పిన అబ్బాయి ఒకడు శిక్షణకు వెళ్లాడు. ఆరాధనలో ప్రకటన చదివినది మేమే, దరఖాస్తు నింపినది మేమే. పెద్ద దుకాణములో సరుకులు అమ్మే పని నేర్చుకొన్నాడు. పట్టణములో ఉద్యోగము వచ్చినది. వాని తల్లి కృతజ్ఞతార్పణ తెచ్చినది. నలుబది దినములకు అబ్బాయి తిరిగి వచ్చాడు. పెద్దల కూటములో ఒకరు, "మన పిల్లలకు ఓపిక లేదు," అన్నారు. మేమును తల ఊపాము.

తరువాత ఒకనాడు చేను గట్టున వానిని అడిగితే ఇట్లు చెప్పాడు: "పని కష్టమని రాలేదండి అయ్యగారూ. గదికి అడ్వాన్సు అడిగారు. జీతం నెల నిండితే గాని ఇయ్యరు. జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. అక్కడ మన గుడికి కూడ రెండు వారాలు వెళ్లానండి. నీది ఏ ఊరని ఎవరూ అడగలేదు."

ఆ మాట మమ్మును గ్రుచ్చినది. ప్రభుత్వము శిక్షణ ఇచ్చినది, ఉద్యోగమిచ్చినది. ఏ ఊరని అడుగుట ప్రభుత్వము చేయగల పని కాదు. అది సంఘము చేయవలసిన పని. దానిని మేము చేయలేదు.

మన ముందటివారు దీనిని చేశారు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరువులో ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వించి బీదలకు కూలి ఇచ్చినది. ఒంగోలులో బాప్తిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొరగారు సుమారు మూడు మైళ్ల కాలువ పనిని తామే గుత్తకు తీసుకొన్నారు. పనివారు మేస్త్రీల చేతిలో బాధలు పడకుండ తమ బోధకులనే వారి మధ్య ఉంచారు. అన్నము కొరకు మతములోనికి వచ్చారను మాట రాకుండ, కరువు తీరే వరకు బాప్తిస్మములు ఆపుచేశారు. తరువాత 1878 జూలై 3న వెలంపిల్లి వద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. కాలువ ప్రభుత్వముది, కూలి డబ్బు ప్రభుత్వముది. బీదవాని ప్రక్కన నిలిచినది సంఘము. మిషను వేరైనను ఇది తెలుగు క్రైస్తవులందరి చరిత్ర.

ఇటీవల ఒక తల్లి మా యొద్దకు వచ్చినది. కూతురికి ఆసుపత్రిలో రోగులకు సహాయము చేసే పనిలో శిక్షణకు పేరు వచ్చినది. "పంపమంటారా అయ్యగారూ?" అని అడిగినది. ప్రార్థన చేస్తామన్నాము. "ప్రార్థన సరేనండి. బిడ్డకు మీరు పూచీ ఉంటారా?" అన్నది. వెంటనే జవాబు చెప్పలేకపోయాము. మరునాడు మేము, స్త్రీల మైత్రి కార్యదర్శిగారు, ఆ తల్లి, ముగ్గురము కలిసి శిక్షణ కేంద్రమునకు వెళ్లాము. హాస్టలు గదులు చూచాము, వంటయిల్లు చూచాము, రాత్రి కాపలా ఎవరిదో అడిగాము. తల్లి ఒప్పుకొన్నది.

ఈ అనుభవమును బట్టి సంఘములకు మూడు మనవులు చేస్తున్నాము.

మొదటిది, ప్రతి సంఘములో ఒక పుస్తకము పెట్టండి. పని లేని యౌవనస్థుల పేరు, చదువు, ఏ పని మీద మనస్సున్నదో వ్రాయండి. బాప్తిస్మముల పుస్తకము, వివాహముల పుస్తకము భద్రముగా ఉంచుకొనే మనకు ఇది భారము కాదు. ఊరు విడువలేనివారికి బ్యాంకులు జిల్లాలలో నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నవి. వారికి ఆ దారి చూపండి.

రెండవది, పిడికెడు బియ్యము, కోత పండుగ కానుకలలో కొంత భాగము తీసి మొదటి నెల నిధిగా ఉంచండి. గది అడ్వాన్సుకు, మొదటి జీతము వచ్చేదాక తిండికి అప్పుగా ఇయ్యండి. జీతములో కొంచెము కొంచెముగా తీర్చుకోనియ్యండి. పొరుగువారి బిడ్డలు, అన్య మతస్థులైనను, అడిగితే కాదనకండి. ప్రతిఫలముగా ఏమియు కోరకండి.

మూడవది, ఊరు విడిచి వెళ్లే ప్రతి బిడ్డ చేతికి పట్టణ సంఘమునకు ఒక ఉత్తరమియ్యండి. ఫీబేను చేర్చుకొని, ఆమెకు కావలసిన సహాయము చేయుమని పౌలు రోమా సంఘమునకు వ్రాయలేదా? పట్టణ సంఘములవారు ఆ మొదటి మూడు నెలలు ఒక కుటుంబమునకు ఆ బిడ్డను అప్పగించండి. ఆదివారము ఒక పూట భోజనము పెట్టండి. జ్వరమొస్తే చూడండి. జీతము సరిగా ఇయ్యకపోతే వెంట వెళ్లి అడగండి. అన్నీ చేసినా తిరిగి వచ్చినవానిని ఓపిక లేనివాడనకండి. ముందు కారణమేమని అడగండి.

ఆ తల్లి కూతురు ఇప్పుడు శిక్షణలో ఉన్నది. ఉద్యోగము ఏ పట్టణములో వస్తుందో ఇంకా తెలియదు. ఏ పట్టణములోనైన మన సంఘమో, మరియొక సంఘమో ఉండకపోదు. ఒక ఆదివారము ఆమె ఒంటరిగా వచ్చి వెనుక వరుసలో కూర్చుంటుంది. ఆరాధన ముగిసి, మీరందరు చెప్పులు వెదకుకొనే వేళ, దయచేసి ఎవరైన ఆమె దగ్గరకు వెళ్లి, "అమ్మా, నీది ఏ ఊరు?" అని అడగండి. ఆ తల్లికి మేము పూచీ ఉన్నాము. మీ మీద నమ్మకముతోనే ఉన్నాము.

దేవుడు మనకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.