కేబుల్ వచ్చింది, మరి బ్రౌజరు?

(శ్రీ విజయపురంలో శాఖల సిబ్బందికి ఇచ్చిన ప్రసంగ పాఠం)



2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ మన దీవులకు అందుబాటులోకి వచ్చింది. సుమారు 2,300 కిలోమీటర్ల తీగ. అంతకుముందు ఉపగ్రహమే దిక్కు. ఇప్పుడు నెట్ బాగానే ఉంది, కానీ "క్లౌడ్ ఫైలు తెరుచుకోవడం లేదు సార్" అనే ఫోన్లు మాత్రం ఆగలేదు.

ఆ మధ్య పడవ రుణం కోసం మన తెలుగు ఖాతాదారు ఒకాయన వచ్చారు. సాయంత్రం ఓడకు ఆయన తన దీవికి వెళ్లిపోవాలి. మంజూరు పత్రం క్లౌడ్‌లో ఉంది, నా తెర మీద తెల్లకాగితం! నెట్‌వర్క్‌ను తిట్టాను. తీరా చూస్తే తప్పు నాదే. బ్రౌజరు అప్‌డేట్‌ను నెలల తరబడి వాయిదా వేశాను. ఓడ వెళ్లిపోయింది, ఆయన ఉండిపోయారు.

క్లౌడ్ ఫైలును మనకు తెరిచి చూపేది బ్రౌజరులో నడిచే ప్రోగ్రాం. పాత బ్రౌజరుకు కొత్త కోడ్ అర్థం కాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్ 15నే వీడ్కోలు చెప్పేశారు. పాత అప్లికేషన్లకు ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

కాబట్టి వారానికోసారి నాలుగు సంగతులు చూసుకోండి: క్రోమ్ లేదా ఎడ్జ్ తాజా వెర్షన్, జావాస్క్రిప్ట్, కుకీలకు అనుమతి, సరైన తేదీ–సమయం, మీటింగుకు మైకు అనుమతి. తేదీ తప్పితే భద్రతా సర్టిఫికెట్ చెల్లదంటూ సైటు తెరుచుకోదు. ఏది మార్చాలన్నా ఐటీ విభాగాన్నే అడగండి. ఫైలు రాలేదని సొంత మెయిల్‌కు మాత్రం పంపించుకోకండి.

ఓడ మన కోసం ఆగదు. ఖాతాదారును మనం ఆపకూడదు. సెలవు.