మా ఇంటి పక్క ఖాళీ ప్లాటు, పదకొండు నెలల అగ్రిమెంటు

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఇంటి పక్కనో, మీ వీధిలోనో, ఎవరూ ఇల్లు కట్టకుండా వదిలేసిన ఖాళీ ప్లాటు ఉందా? ఉన్నవాళ్ళు చేతులెత్తండి. అబ్బో, దాదాపు అందరూ ఎత్తారు. సరే, ఇంకో ప్రశ్న. అందులో ఒక్కసారి కూడా చెత్త కవరు విసరని వాళ్ళెవరు? (నవ్వులు) చేతులన్నీ దిగిపోయాయి. నేను కూడా ఎత్తను లెండి.

మాది హైదరాబాద్‌లో ఉప్పల్ దాటాక ఒక కాలనీ. మా ఇంటి పక్కన 200 గజాల ప్లాటు. నేను ఇంటర్ చదివేటప్పటి నుంచీ అలాగే పడి ఉంది. రోడ్డు కంటే పల్లం కాబట్టి వానాకాలంలో మోకాలి లోతు నీళ్ళు. నీళ్ళు ఇంకితే వయ్యారిభామ మొక్కలు. చెత్త మాత్రం అన్ని కాలాల్లోనూ. ఒక ఏడాది మా తమ్ముడికి డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు 20 వేలకు పడిపోయాయి. మూడు రాత్రులు హాస్పిటల్‌లో కూర్చున్నాం. దోమ ఆ ప్లాటులోంచే వచ్చిందని నేనేం నిరూపించలేను. కానీ అమ్మ ఇంటికొచ్చిన రోజు ఆ వైపు కిటికీ మూసేసింది. అంతే, మళ్ళీ తెరవలేదు.

తర్వాత నేను ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చదవడానికి అమెరికా వెళ్ళాను, బాల్టిమోర్‌కి. అమెరికా అంటే నా ఊహలో వేరే ఉంది కదా. దిగిన వారానికే బస్సులోంచి చూస్తే, ఒకదానికొకటి అతుక్కున్న వరుస ఇళ్ళు, ముందు తెల్లటి పాలరాయి మెట్లు, మధ్య మధ్యలో పళ్ళు ఊడినట్టు ఖాళీ స్థలాలు. అందులో పాత టైర్లు, పరుపులు. అచ్చం మా పక్క ప్లాటే అనిపించింది!

కారణాలు మాత్రం వేరు. 1950లో ఆ నగరంలో తొమ్మిదిన్నర లక్షల మంది ఉండేవారు. 2020 నాటికి ఆరు లక్షల లోపుకి వచ్చారు. ఫ్యాక్టరీలు పోయాయి, స్తోమత ఉన్నవాళ్ళు ఊరి బయటికి వెళ్ళిపోయారు. ఇంకో సంగతి కూడా ఉంది. నల్లజాతి వాళ్ళు ఏ వీధిలో ఉండచ్చో, ఏ వీధిలో ఉండకూడదో 1910లోనే ఆ నగరం చట్టం చేసింది. 1930ల్లో వాళ్ళుండే పేటలకు మ్యాపులో ఎర్ర రంగు వేశారు. ఎర్ర రంగు పడిన చోట ఇంటి లోను దొరకడం గగనం. లోను లేకపోతే రిపేరు లేదు. రిపేరు లేని ఇల్లు ఎన్నాళ్ళుంటుంది చెప్పండి? కూలిపోతుంది, లేదా కార్పొరేషన్ వాళ్ళే కూల్చేస్తారు. అలా వేల స్థలాలు ఖాళీ అయ్యాయి.

2014లో ఆ నగరం ఒక డిజైన్ పోటీ పెట్టింది, 'గ్రోయింగ్ గ్రీన్' అనే పేరుతో. ఖాళీ స్థలాన్ని పేటవాళ్ళందరికీ పనికొచ్చే చోటుగా మార్చాలి, వాన నీళ్ళు కాలువల్లోకి కొట్టుకుపోకుండా అక్కడే ఇంకాలి. ఎందుకంటే వీధుల మురికంతా ఆ వాన నీళ్ళతో చీసపీక్ అనే సముద్రపు పాయలోకి చేరుతుంది. నేను వెళ్ళేసరికి ఆ పోటీ ఎప్పుడో అయిపోయింది. కానీ మా క్లాసులో అదే పద్ధతిలో ఒక పోటీ పెట్టారు. నిజం స్థలం, నిజం వీధి, కట్టడం మాత్రం ఉండదు, కాగితం మీదే.

నేను రెచ్చిపోయానన్నమాట. చెక్క అరుగు, ఫౌంటెన్, గోడ మీద పెద్ద పెయింటింగ్, బెంచీలు. త్రీడీలో చూస్తే సినిమా సెట్టింగులా ఉంది. దాన్ని ఆ వీధివాళ్ళకి చూపించే రోజు వచ్చింది. ఎదురింట్లో ఉండే పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, మా బొమ్మలన్నీ ఓపిగ్గా చూసింది. "బావుంది. నీళ్ళెక్కణ్ణించి వస్తాయి?" అంది. నా దగ్గర జవాబు లేదు. "గడ్డి ఎవరు కోస్తారు?" జవాబు లేదు. తర్వాత బెంచీ మీద వేలు పెట్టి, "రాత్రి పదకొండు దాటాక దీని మీద ఎవరు కూర్చుంటారో నీకు తెలీదు, నాకు తెలుసు" అంది.

మా టీమ్ గెలవలేదు. గెలిచిన డిజైన్ చూస్తే నాకు మొదట కోపం వచ్చింది. గడ్డి, నాలుగు చెట్లు, ఒక పక్కకి చిన్న వాలు, ఆ చివర నీళ్ళు ఇంకే పల్లం. జనం అప్పటికే అడ్డదారిగా నడుస్తున్న చోట ఒక కాలిబాట. ఇంతే! కానీ దాంతోపాటు రెండో కాగితం ఒకటుంది. ఏ వారం ఎవరు గడ్డి కోయాలో పేర్లతో సహా రాశారు. కింద ఆ వీధివాళ్ళ సంతకాలు.

నాకు అది చాలా రోజులు అర్థం కాలేదు. తర్వాత పక్కనే ఉన్న ఫిలడెల్ఫియాలో జరిగిన ఒక అధ్యయనం చదివాను, 2018లో వచ్చింది. 541 ఖాళీ స్థలాలు తీసుకుని లాటరీ వేసినట్టు మూడు గుంపులు చేశారు. కొన్నింటిలో చెత్త తీసి, గడ్డి, కొన్ని చెట్లు వేసి, చుట్టూ నడుము ఎత్తు కూడా లేని చెక్క కంచె కట్టి, నెలనెలా చూసుకున్నారు. కొన్నింటిలో చెత్త తీసి గడ్డి కోశారంతే. మిగతావి అలాగే వదిలేశారు. పేద పేటల్లో బాగుచేసిన స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గింది. పచ్చగా చేసిన చోట్ల దగ్గర్లో ఉండేవాళ్ళలో, వదిలేసిన చోట్లతో పోలిస్తే, దిగులుగా ఉంటోందని చెప్పేవాళ్ళు 41 శాతం తగ్గారు. చెత్త మాత్రమే తీసిన చోట మనసు విషయంలో చెప్పుకోదగ్గ మార్పేం లేదు. ఖర్చు? స్థలానికి దాదాపు 1,600 డాలర్లు, తర్వాత ఏడాదికి 180. ఫౌంటెన్ లేదు.

ఇది చదివినప్పుడు నాకు తుపాకుల కంటే అమ్మ మూసేసిన కిటికీ గుర్తొచ్చింది.

సరే, తిరిగొచ్చాను. ప్లాటు అలాగే ఉంది. ఓనర్ ఎక్కడున్నారో తెలుసా? డల్లాస్‌లో! నేను అమెరికాలో ఖాళీ స్థలాలకి డిజైన్లు వేస్తుంటే, ఆయన అమెరికాలో కూర్చుని మా పక్క స్థలం ఖాళీగా ఉంచారు. (నవ్వులు) వాట్సాప్ వీడియో కాల్ చేశాం. ఆయన ముందే, "అమ్మా, ఇవాళ మొక్కలంటారు. రేపు గుడి కడతారు. ఎల్లుండి నేను కోర్టుల చుట్టూ తిరగాలి" అన్నారు. తప్పుగా అనలేదు. మనకి తెలీని కథలా అవి?

బాల్టిమోర్‌లో కార్పొరేషన్ స్థలాల్ని పేటవాళ్ళు దత్తత తీసుకునే పద్ధతి ఉంది. హక్కు రాదు, వాడుకోడానికి అనుమతి మాత్రమే. నగరానికి కావాలంటే వెనక్కి తీసుకుంటుంది. ఆ మాటే ఆయనకి చెప్పాను. ఇల్లు అద్దెకిచ్చినట్టు స్టాంప్ పేపర్ మీద 11 నెలల అగ్రిమెంటు రాసుకుందాం, ఇటుక, సిమెంటు ముట్టుకోం అన్నాను. నాలుగు కాల్స్ తర్వాత ఒప్పుకున్నారు.

కాలనీ వాట్సాప్ గ్రూపులో పోటీ పెట్టాం. రూల్స్ మూడే: సిమెంటు వాడకూడదు, ఒక్క రోజులో మొత్తం తీసేయగలగాలి, ఎవరు చూసుకుంటారో రాయాలి. జడ్జిలు ఎవరంటే, ఆ ప్లాటుకి ఆనుకుని ఉన్న ఇళ్ళవాళ్ళు. 14 బొమ్మలొచ్చాయి. తొమ్మిదింటిలో గోడ నుంచి గోడకి క్రికెట్ పిచ్. గెలిచింది ఒక పదో తరగతి అమ్మాయి. తను ప్లాటు బొమ్మ కంటే ముందు టైమ్ టేబుల్ గీసింది. పొద్దున ఆరింటికి పెద్దవాళ్ళు, నాలుగు నుంచి ఆరు క్రికెట్, ఆరు నుంచి ఏడున్నర అమ్మాయిల షటిల్. కింద ఒక లైను: 'ఆ టైములో అబ్బాయిలు రాకూడదు.' మా కాలనీలో అమ్మాయిలు సాయంత్రం పూట బయట నిలబడి మాట్లాడుకోడానికి చోటే లేదని, నిజం చెప్పొద్దూ, నాక్కూడా అప్పుడే తట్టింది.

ఇంటికి 500 అనుకున్నాం. 40 ఇళ్ళలో 31 ఇచ్చాయి. జేసీబీతో చదును చేయించి, మొరం పోయించి, ఓనర్‌ని ఒప్పించి ఓ మూల ఇంకుడు గుంత తవ్వించాం. మొక్కలు పాత నీళ్ళ డ్రముల్లో పెట్టాం. మొదటి నెలలో రెండుసార్లు రాత్రిపూట ఎవరో చెత్త వేసి పోయారు. వానకి ఒక మూల మొరం కొట్టుకుపోయింది. షటిల్ టైములో క్రికెట్ వాళ్ళతో గొడవ ఇప్పటికీ ఉంది. అమ్మ మాత్రం కిటికీ తెరిచింది. గొడవ ఎవరిదో చూడ్డానికి అంటుంది.

అగ్రిమెంటు ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. రెన్యూ చేస్తారా అని అడిగితే ఓనర్ "చూద్దాం" అన్నారు. పోయిన ఆదివారం ఇద్దరు ప్లాటు చూసుకోడానికి వచ్చారు. ఇన్నేళ్ళలో ఎవరూ రాలేదు. ఇప్పుడు శుభ్రంగా కనబడుతోంది కదా మరి. వాళ్ళు టేపు పట్టి కొలుస్తుంటే, రెండో కొస పట్టుకోడానికి మనిషి లేక మా క్రికెట్ పిల్లల్నే పిలిచారు. వాళ్ళు పట్టుకున్నారు.

టైమ్ టేబుల్ అమ్మాయి అదంతా గేటు దగ్గర నిలబడి చూసింది. ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి, "అక్కా, వెనక వీధిలో ఇంకో ప్లాటు ఉంది. దాని ఓనర్ నంబర్ కనుక్కున్నాను" అంది. రేపు ఆయనకి కాల్ చేయాలి.