ఆయనను దేనితో పోల్చగలం?

వాక్యభాగం: ద్వితీయోపదేశకాండము 32:1-18; లూకా 13:31-35

బైబిలు దగ్గరున్నవారు దయచేసి ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయం తీయండి.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. నేను సెమినరీ ముగించి పరిచర్యకు వచ్చిన కొత్తలో, మా సంఘంలో ఒక యౌవన సహోదరి ఉండేది. ఆరాధనలో ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలవగానే ఆమె పెదవులు బిగించుకొనేది. ఒక ఆదివారం పిలిచి, "ఏమ్మా, ప్రార్థనలో నోరు కలపవేం?" అని అడిగాను. ఆమె తల దించుకొని, "అయ్యగారూ, మా నాన్న తాగొచ్చి అమ్మను కొడుతుంటే మంచం క్రింద దాక్కొని పెరిగాను. తండ్రీ అనగానే నాకు ఆయన చెప్పుల చప్పుడే వినబడుతుంది" అంది. దానికి నేను, "అది విశ్వాసలోపమమ్మా, ప్రార్థించు, పోతుంది" అన్నాను. మూడు నెలలు ఆమె మందిరానికి రాలేదు. లోపం ఆమె విశ్వాసంలో లేదు, నా బోధలో ఉంది. ఆమె అనుమతితోనే ఈ మాట మీకు చెప్తున్నాను.

ఆ రోజుల్లో నన్ను గద్దించిన వాక్యభాగం ఇదే. మోషే తన మరణానికి ముందు ఇశ్రాయేలీయులకు వినిపించిన కీర్తన ఇది. ఇందులో దేవుని గూర్చి ఎన్ని పోలికలున్నాయో గమనించండి. 6వ వచనంలో ఆయన తండ్రి. 11వ వచనంలో గూడు రేపి పిల్లల పైని అల్లాడే పక్షిరాజు. 4వ వచనంలో మన తెలుగు బైబిలు "ఆశ్రయదుర్గము" అంటుంది. హెబ్రీ భాషలో అక్కడున్న మాట "సూర్", అంటే బండ. మన అనువాదకులు భావం చక్కగా ఇచ్చారు, కానీ బండ మన కళ్లకు కనబడకుండా పోయింది. అరణ్యంలో నడిచినవారికి బండ అంటే ఏమిటో తెలుసు. మిట్టమధ్యాహ్నం దాని నీడలో కూర్చున్నారు. నిర్గమకాండము 17లో హోరేబు బండ నుండి వచ్చిన నీళ్లు త్రాగారు.

ఇప్పుడు 18వ వచనం చూడండి. మోషే ఆ బండనే జన్మనిచ్చినదిగా చెప్తున్నాడు. అక్కడ రెండవ పాదంలోని హెబ్రీ క్రియ స్త్రీ ప్రసవవేదన పడి కనడాన్ని చెప్పే మాట. యెషయా 51:2లో శారా మనలను కన్నదని చెప్పేటప్పుడు ఉన్నది ఆ క్రియే. బండ కనలేదు కదా, మోషే ఎందుకిలా అన్నాడు? బండ అని మాత్రమే చెప్తే దేవుడు చలనం లేనివాడని అనుకుంటాం. తల్లి అని మాత్రమే చెప్తే మన తల్లిలాగా ఒకనాడు అలసిపోతాడేమో అనుకుంటాం. రెండూ కలిపి చెప్పినప్పుడు, కదలని నమ్మకత్వము, మన కోసం నొప్పిపడే ప్రేమ ఒకే దేవునిలో ఉన్నవని తెలుస్తుంది. ఒక పోలిక మరొక పోలికను సరిదిద్దుతుంది.

మనకు నచ్చిన పోలికనే పట్టుకొని కూర్చుంటే ప్రమాదం ఉంది ప్రియులారా. చాలామందికి 23వ కీర్తనలోని కాపరి కావాలి. హోషేయ గ్రంథంలోని దేవుడు అక్కరలేదు. హోషేయ 5:12లో ఆయన ఎఫ్రాయిమీయులకు చిమ్మట పురుగువంటివాడు. 13:8లో పిల్లలను పోగొట్టుకొన్న ఎలుగుబంటి. 14:5లో మంచు. పాపాన్ని లోపలినుండి తినివేసేవాడూ, ఎండిన ప్రాణాన్ని తడిపేవాడూ ఆయనే. ఓదార్చే మాటలు ఏరుకొని హెచ్చరించే మాటలు విడిచిపెడితే, మనం ఆరాధించేది మనం చేసుకొన్న దేవుణ్ణే.

ఆ సహోదరి ఇంటికి నేను క్షమాపణ అడగడానికి వెళ్లినప్పుడు, లూకా 13 చదివాం. అక్కడ 32వ వచనంలో యేసు ప్రభువు హేరోదును నక్క అన్నాడు. రెండు వచనాల తర్వాత తనను తాను కోడితో పోల్చుకున్నాడు. మోషే చెప్పిన పక్షిరాజు ఆయనకు తెలియదా? అయినా కోడినే ఎంచుకున్నాడు. పల్లెలో పెరిగినవారు చూసే ఉంటారు. గద్ద నీడ పెరట్లో పడగానే తల్లికోడి ఒక్క పిలుపు పిలుస్తుంది, పిల్లలన్నీ రెక్కల క్రిందికి చేరతాయి. ముందు పొడవాలంటే తల్లినే పొడవాలి. నక్క ముందు కోడికి తన దేహం తప్ప ఇంకేమున్నది? యెరూషలేము వెలుపల సిలువపై ప్రభువు రెక్కలు చాచినట్లు చేతులు చాచాడు. దెబ్బ ఆయనకు తగిలింది.

ఆమె చాలాసేపు ఏడ్చింది. "అయ్యగారూ, కొడుతుంటే అడ్డంగా నిలబడే దేవుడా ఈయన?" అంది. అవునమ్మా, ఆయనే.

అయితే "తండ్రి" అనే మాటను తీసివేద్దామా? లేదు. దానిని మన ప్రభువే మనకిచ్చాడు. మన ఇంటి తండ్రులను బట్టి పరలోకపు తండ్రిని కొలవకూడదు. తప్పిపోయిన కుమారునికి ఎదురు పరుగెత్తిన తండ్రిని చూపిన యేసును బట్టి ఆయనను తెలుసుకోవాలి. తండ్రులైన సహోదరులారా, ఈ రాత్రి మీ చెప్పుల చప్పుడు వినగానే మీ బిడ్డ ఎటు పరుగెత్తుతుంది? మీ దగ్గరికా, మంచం క్రిందికా? ఆ బిడ్డ రేపు దేవుణ్ణి ఏమని పిలవగలదో అందులో కొంత మీ చేతిలో ఉంది.

ఆ సహోదరి చాలాకాలం "నా బండా" అని ప్రార్థించేది. ఇప్పుడు కొన్ని ఆదివారాలు "తండ్రీ" అంటుంది, కొన్ని ఆదివారాలు మౌనంగా ఉంటుంది. నేను మళ్లీ అడగలేదు.

మీ నోటికి ఏ పేరు వస్తే ఆ పేరుతో ఈ ఉదయం ఆయనను పిలవండి. ప్రార్థించుకుందాం.

కృపగల దేవా, మమ్మును కన్న బండవు నీవే. మేము పేరు పలుకలేని గాయములు నీకు తెలియును. నీ రెక్కల క్రింద మమ్మును చేర్చుకొనుము. మా ఇండ్లలోని బిడ్డలు భయపడక నిన్ను పిలుచునట్లు మమ్మును మార్చుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.