నల్లకోటు వేసుకున్న మర్నాడు ఎవరిని అడగాలె?

(రుద్రారంలో ఆదివాసీ లా విద్యార్థులు, జూనియర్ అడ్వకేట్లతో మాట్లాడిన మాటలు)



ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం దిక్కు నుంచి చదువుకో, పనికో వచ్చి ఈ పటాన్‌చెరు-సంగారెడ్డి రోడ్డు వెంట ఉంటున్న మీతో ఇయ్యాల ఒక్క విషయమే మాట్లాడతా. ఏ సీనియర్ ఆఫీసులోనూ చేరకుండా సొంతంగా ప్రాక్టీస్ పెట్టుకున్న మన పిల్లల వెనక ఎవరున్నరు?

ముందు చట్టం సంగతి చూడండి. ఎన్‌రోల్‌మెంట్‌కు ముందు ఏడాది ట్రైనింగ్ ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1995లో రూల్స్ పెట్టింది. 1999లో సుదీర్ కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ఫీజు అడ్డం కూడా తగ్గింది. అడ్వకేట్స్ చట్టంలో రాసినదానికి మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు గుంజొద్దని 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో తీర్పొచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు ఆ ఫీజు 125 రూపాయలే.

తలుపు తెరుచుకుంది, మంచిదే. లోపల దారి చూపెటోళ్లే కరువు. లీగల్ సర్వీసెస్ ప్యానెల్‌లో చేరాలంటే 2010 నల్సా రెగ్యులేషన్ల ప్రకారం కనీసం 3 ఏండ్ల అనుభవం కావాలె. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు స్టైపెండ్ ఇయ్యాలని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. అది సీనియర్ దగ్గర పని చేసేటోళ్ల మాట. ఒంటరిగా కూర్చున్నోడికి ఎవరిస్తరు? మనోళ్లు కోటు మడిచి పెట్టెలో పెట్టేది ఈ మొదటి మూడేండ్లలోనే.

నష్టం ఆ ఒక్క వకీలుదే అనుకోకండి. 1/70 చట్టాన్నే తీసుకోండి. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని మొదట భావించాలె. కాదని రుజువు చేసుకునే బాధ్యత అవతలోడిది. ఈ ముక్క చెప్పే పెద్ద లేకుంటే కొత్త వకీలు మామూలు సివిల్ దావా లెక్క రుజువు బరువంతా మన రైతు నెత్తిమీదే పెడతడు. అట్లనే అట్రాసిటీ కేసుల్లో బెయిల్ విచారణప్పుడు బాధితుల మాట వినాలని 15ఎ సెక్షన్ చెప్తది. ఆ హక్కు గుర్తుచేసి అడిగే వకీలు పక్కన ఉండాలె కదా!

ఇక్కడి సంగతే చూడండి. మన పక్కనే పాశమైలారంలో 2025 జూన్ 30న సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అట్లాంటి ఇంటి ముందుకు ఎవరన్నా కాగితం పట్టుకొస్తే, సంతకం పెట్టాల్నా వద్దా అని ఆ ఇంటోళ్లు అడిగేది దగ్గర్లో దొరికిన చిన్న వకీలునే. మరి ఆ చిన్న వకీలు ఎవరిని అడగాలె?

మెంటర్ అంటే బ్యాగు మోయించి, వాయిదాలకు పంపే సీనియర్ కాదు. ఫైల్ చేసే ముందు మన పిటిషన్ చదివి దిద్దాలె. లిమిటేషన్ ఎప్పటికి అయిపోతదో అడగాలె. ఫీజు ఎంత చెప్పాలో, ఏ కేసు మన శక్తికి మించిందో మొహమాటం లేకుండా చెప్పాలె.

మనవైపు నుంచి కూడా పద్ధతి ఉండాలె. ఫైలు చదవకుండా ఫోన్ చేయొద్దు. క్లయింటు ఒప్పుకోకుండా పేరు, కాగితాలు ఎవరికీ చూపొద్దు, వాట్సాప్ గ్రూపుల్లో అసలే పెట్టొద్దు. సలహా ఎవరిదైనా వకాలత్ మీద సంతకం నీది, జవాబుదారీ నీదే.

సమత కేసు గుర్తు చేసుకోండి. అనంతగిరి మండలం ఆదివాసీ భూముల్లో గనుల లీజుల మీద పోరాటం అది. హైకోర్టులో ఓడిపోయింది. 1997 జులై 11న సుప్రీంకోర్టులో గెలిచింది. ఊళ్లో కాగితం దాచినోళ్లు, సంఘం, ఢిల్లీలో వాదించిన సీనియర్లు కలిస్తేనే అది అక్కడిదాకా పోయింది. బాలగోపాల్ సారు 1998లో వకీలు అయ్యేనాటికి నలభై దాటినయ్. అంతకుముందు ఏండ్ల తరబడి ఊళ్లు తిరిగి నిజాలు సేకరించిన మనిషి. అంటే మన గూడెం పెద్దలు కూడా మనకు మెంటర్లే. భూమి హద్దులు, పాత పట్టాల కథ వాళ్లకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ దొరకదు.

అందుకే నేను అడిగేది చిన్నది. ఐదుగురు జూనియర్లు, ఒక సీనియర్, నెలకు రెండు ఆదివారాలు. ఒక్కొక్కరు ఒక్క ఫైలు తేవాలె. పదేండ్లు దాటిన సీనియర్లు ఇక్కడున్నరు. సార్, మేడమ్, మీ రెండు గంటలు మాకియ్యండి. పిల్లలూ, పేరు రాయించుకోకుండా ఇయ్యాల ఎవరూ కదలొద్దు.

జోహార్!